గ్యాసు ఎటు పోయింది?



కారులో ఏసీ వేశారు. గాలి వస్తోంది, చల్లదనం రావట్లేదు. షెడ్డుకు తీసుకెళ్లారు. మెకానిక్ ఏసీ నొక్కాడు, గాలికి చెయ్యి అడ్డుపెట్టి చూశాడు. "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టించేద్దాం" అన్నాడు. కాసేపట్లో పని అయిపోయింది. డబ్బులిచ్చి, చల్లగా ఇంటికొచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ అదే వేడి గాలి. మళ్లీ అదే షెడ్డు. మళ్లీ అదే మాట.

కారున్న వాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం. కారు ఏసీ మొరాయిస్తే లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా? మన కళ్లతో, చెవులతో, చేత్తో మనమే కనిపెట్టగలిగిందేమిటి? మెకానిక్‌కి వదిలేయాల్సిందేమిటి?

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఏసీలో గ్యాసు ఖర్చవదు. మళ్లీ చెబుతున్నాను, ఏసీలో గ్యాసు ఖర్చవదు. వంటింట్లో సిలిండరు ఖాళీ అవుతుంది. ఎందుకంటే పొయ్యి మీద ఆ గ్యాసు మండిపోతుంది. కారు ఏసీలో మండేదేమీ లేదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరిగి తిరిగి వస్తుంటుంది. ఏళ్ల తరబడి వాడితే రబ్బరు గొట్టాల్లోంచి, సీళ్ల దగ్గర కాస్త కాస్త తగ్గడం మామూలే. కానీ ఒక్క ఎండాకాలంలోనే ఖాళీ అయిందంటే, ఎక్కడో కారుతోందన్నమాట. కాబట్టి గ్యాసు అయిపోయిందని ఎవరైనా అంటే మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఎటు పోయింది?

ఆ గ్యాసు ఎలా తిరుగుతుందో రెండు నిమిషాల్లో చెప్పుకుందాం. ఇది అర్థమైతే మిగతాదంతా తేలికే.

ఇంజను పక్కన కంప్రెసర్ ఉంటుంది. ఇంజను బెల్టే దాన్ని తిప్పుతుంది. అది గ్యాసును గట్టిగా ఒత్తుతుంది. ఒత్తితే గ్యాసు కాగిపోతుంది. ఆ వేడి గ్యాసు కారు ముందుభాగంలో, రేడియేటర్‌కి ముందు నిలబెట్టిన జాలీలోకి వెళుతుంది. అదే కండెన్సర్. అక్కడ బయటిగాలికి వేడి వదిలేసి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నటి రంధ్రం ఉన్న వాల్వు దాటి, డ్యాష్‌బోర్డు లోపల దాక్కున్న కూలింగ్ కాయిల్‌లోకి వస్తుంది. అక్కడ ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ద్రవం మరుగుతుంది. మరగడానికి కావాల్సిన వేడిని కారు లోపలి గాలి నుంచి లాక్కుంటుంది. ఆ చల్లబడిన గాలే బ్లోయర్ ద్వారా మన మొహానికి తగులుతుంది. గ్యాసు మళ్లీ కంప్రెసర్‌కి వెళ్లిపోతుంది.

అంటే పని రెండు చోట్ల జరుగుతుంది. లోపల కూలింగ్ కాయిల్ దగ్గర వేడిని పట్టుకోవాలి. బయట కండెన్సర్ దగ్గర ఆ వేడిని వదిలేయాలి. లోపల పట్టుకోవాలి, బయట వదలాలి. ఈ రెండింట్లో ఏది ఆగినా మనకు చల్లదనం రాదు. గ్యాసు నిండుగా ఉన్నా సరే, రాదు.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. అయితే ఒక జాగ్రత్త. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు ఎక్కీ ఎక్కగానే ఏసీని తప్పుపట్టకండి. అద్దాలన్నీ దించి, కాస్త దూరం నడిపి, లోపలి వేడి బయటకు పోయాక అద్దాలు ఎత్తండి. బయటిగాలి రాకుండా, లోపలిగాలే తిరిగే బటన్ నొక్కండి. పది నిమిషాలు చూడండి. అప్పటికీ చల్లబడకపోతేనే లోపం ఉన్నట్టు లెక్క.

మొదటి ప్రశ్న. గాలి ఎంత జోరుగా వస్తోంది? చల్లదనం సంగతి తర్వాత, ముందు గాలి. బ్లోయర్ స్పీడు నాలుగులో పెట్టినా ఒకటిలో ఉన్నట్టు వస్తుంటే, ముందు చూడాల్సింది క్యాబిన్ ఫిల్టర్. చాలా కార్లలో ఇది ఎడమవైపు సీటు ముందు ఉండే గ్లవ్‌బాక్స్ వెనకాల ఉంటుంది. గ్లవ్‌బాక్స్‌ని రెండు పక్కలా నొక్కి కిందికి వంచితే ఫిల్టర్ మూత కనిపిస్తుంది. రోజూ వేపచెట్టు కింద కారు పెట్టేవాళ్లు ఒకసారి అది బయటికి లాగి చూడండి. ఎండిన ఆకులు, పూత, దుమ్ము అట్టకట్టి ఉంటాయి. ఒక్కోసారి ఎలుక తెచ్చిపెట్టిన దూది, కాగితం ముక్కలు కూడా ఉంటాయి. మడతల మధ్య వెలుతురు కనిపించనంతగా నల్లబడిన ఫిల్టర్‌ని దులిపి లాభం లేదు, మార్చేయండి. ఖర్చు కొద్దిదే. దీన్ని వదిలేసి గ్యాసు కొట్టిస్తే, ఆ డబ్బు వృథా.

రెండో ప్రశ్న. కంప్రెసర్ తిరుగుతోందా? ఇంజను ఆన్‌లో ఉంచి, బానెట్ ఎత్తి, లోపల ఇంకొకర్ని ఏసీ బటన్ నొక్కమనండి. మీరు చెవి పెట్టి వినండి. కంప్రెసర్ దగ్గర "టక్" మని చప్పుడు రావాలి. అది క్లచ్ పట్టుకున్న చప్పుడు. బెల్టు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ పట్టుకుంటేనే కంప్రెసర్ పని చేస్తుంది. అమెరికాలో ప్యాకార్డ్ అనే కంపెనీ 1940 మోడల్ కార్లలో ఏసీ అమర్చి అమ్మింది. వాటికి ఈ క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సి వచ్చేది. మనకు ఇప్పుడు ఒక్క బటన్ చాలు. ఆ బటన్ నొక్కితే టక్కుమనాలి. కొన్ని కొత్త కార్లలో మాత్రం క్లచ్ లేని కంప్రెసర్లు వస్తున్నాయి. వాటికి ఈ చప్పుడు ఉండదు. మీ కారు ఏ రకమో ఒకసారి కనుక్కోండి.

క్లచ్ ఉన్న కారులో చప్పుడు రాకపోతే కారణం చాలా చిన్నది కావచ్చు. ఫ్యూజు పోయి ఉండొచ్చు. రిలే పోయి ఉండొచ్చు. ఎలుక వైరు కొరికి ఉండొచ్చు. లేదా గ్యాసు మరీ తగ్గిపోయి, కంప్రెసర్ పాడవకుండా ప్రెజర్ స్విచ్చే దాన్ని ఆపేసి ఉండొచ్చు. ఇక టక్కుమని పట్టుకుని, వెంటనే వదిలేసి, మళ్లీ పట్టుకుని, మళ్లీ వదిలేస్తూ ఉంటే, గ్యాసు తక్కువగా ఉందని అనుమానించాలి.

మూడో ప్రశ్న. గొట్టాలు ఏం చెబుతున్నాయి? ఇంజను వెనకవైపు గోడలోంచి రెండు అల్యూమినియం గొట్టాలు కారు లోపలికి వెళతాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. ఏసీ వేసి పది నిమిషాలయ్యాక వాటిని చూడండి. లావు గొట్టం చల్లగా ఉండాలి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి దాని మీద నీటి బొట్లు కూడా పడతాయి. సన్న గొట్టం వెచ్చగా ఉండాలి. లావుది చల్లన, సన్నది వెచ్చన. ఇలా ఉంటే ఏసీ తన పని తాను చేస్తున్నట్టే.

మరి లావు గొట్టం చల్లగా చెమర్చి ఉంది, లోపల గాలి మాత్రం వేడిగా ఉంది. అప్పుడేమిటి? అప్పుడు లోపం గ్యాసుది కాదు, కంప్రెసర్‌ది కాదు. డ్యాష్‌బోర్డు లోపల చల్లగాలినీ, హీటర్ గాలినీ కలిపే ఒక రెక్క ఉంటుంది. అది హీటర్ వైపు ఇరుక్కుపోయి ఉండొచ్చు. ఇలాంటి కారుకు గ్యాసు కొట్టిస్తే ఏమవుతుందో మీకే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంజను తిరుగుతున్నప్పుడు బానెట్ కింద చేతులు పెట్టేవాళ్లు చున్నీలు, పైటకొంగులు, తువ్వాళ్లు బెల్టుకు దూరంగా ఉంచుకోండి. రేడియేటర్ దగ్గరి ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్లే గొట్టం చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. ఏ జాయింటూ మీరు విప్పొద్దు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువగా వాడే గ్యాసు పేరు ఆర్ 134ఏ. బయటి గాలి ఒత్తిడిలో అది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. చర్మానికి తగిలితే మాంసం గడ్డకట్టేస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఇప్పుడొక ప్రయాణం అనుకుందాం. మీరు విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నారు. 65వ నంబరు జాతీయ రహదారి. నందిగామ, కోదాడ, సూర్యాపేట దాకా ఏసీ అద్భుతం. పిల్లలు చలేస్తోందంటున్నారు. పండగ రద్దీ. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బండ్లు బారులు తీరాయి. కారు ఆగింది. ఐదు నిమిషాల్లో గాలి వెచ్చబడింది. క్యూ కదిలింది, కారు వేగం అందుకుంది, మళ్లీ చల్లదనం వచ్చేసింది. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర మళ్లీ వేడి.

ఇలా జరిగితే కారు తన జబ్బు తానే చెబుతున్నట్టు. పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌కి తగిలి వేడిని తీసుకుపోతుంది. ఆగినప్పుడు ఎదురుగాలి ఉండదు. అప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. ఫ్యాను తిరగట్లేదు. లేదా తిరిగినా, కండెన్సర్ రేకుల మధ్య మట్టి, పురుగులు పేరుకుని గాలి దూరట్లేదు. కారు ఆపి, ఏసీ వేసి, ముందుకొచ్చి చూడండి. కాసేపట్లో ఫ్యాను తిరగాలి. తిరగకపోతే మోటారో, రిలేనో, ఫ్యూజో చూపించండి. తిరుగుతుంటే కండెన్సర్ కడిగించండి. కడిగేటప్పుడు నీళ్లు మెల్లగా కొట్టమనండి. కార్లు కడిగే మోటారుతో దగ్గర్నుంచి కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. మళ్లీ చెబుతున్నాను. నడిస్తే చల్లన, ఆగితే వేడి అయితే, ముందు చూడాల్సింది ఫ్యాను, కండెన్సర్.

ఇంకో రకం ఉంది. రాత్రి ప్రయాణం. మొదటి గంట బాగానే ఉంది. రెండో గంటలో గాలి జోరు తగ్గుతూ వచ్చింది. బ్లోయర్ చప్పుడు గట్టిగానే వినిపిస్తోంది, గాలి మాత్రం రావట్లేదు. టీ తాగుదామని దాబా దగ్గర ఆపారు. తిరిగొచ్చేసరికి కారు కింద నీళ్ల మడుగు. స్టార్ట్ చేస్తే గాలి మళ్లీ బ్రహ్మాండంగా వస్తోంది. ఏమైంది? కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుపోయింది. గాలి దూరే దారి మూసేసింది. కారు ఆపాక ఆ మంచు కరిగి నీరైంది. కాయిల్ మరీ చల్లబడితే కంప్రెసర్‌ని ఆపమని చెప్పే చిన్న సెన్సర్ ఒకటి ఉంటుంది. అది చెడిపోయి ఉండొచ్చు. ఫిల్టర్ మూసుకుపోయి గాలి తక్కువగా ఆడుతున్నా, గ్యాసు కొంచెం తగ్గినా కాయిల్ గడ్డకట్టొచ్చు.

నీళ్లన్నాం కాబట్టి ఇది కూడా వినండి. ఏసీ వేసినప్పుడు కారు కింద చుక్కలు చుక్కలుగా నీళ్లు పడటం లోపం కాదు. గాలిలో తేమ కాయిల్ మీద నీరై, గొట్టం ద్వారా కిందికి కారుతుంది. ఆ నీళ్లు కింద పడకుండా కారు లోపల, కాళ్ల దగ్గర తివాచీ తడుస్తుంటే, ఆ గొట్టం మూసుకుపోయిందన్నమాట. పొడిచి శుభ్రం చేయిస్తే చాలు.

సరే, ఇవన్నీ చూశాం. ఫిల్టర్ శుభ్రంగా ఉంది. క్లచ్ పట్టుకుంటోంది. ఫ్యాను తిరుగుతోంది. అయినా లావు గొట్టం చల్లబడట్లేదు. ఇప్పుడు షెడ్డుకు వెళ్లాలి. మెకానిక్ రెండు గేజీలు బిగిస్తాడు. నీలం రంగుది తక్కువ ఒత్తిడి చూపిస్తుంది, ఎర్రది ఎక్కువ ఒత్తిడి. మీరు పక్కనే నిలబడి చూడండి, అడగండి, మొహమాటపడొద్దు. రెండు ముళ్లూ ఉండాల్సిన దానికన్నా కిందికి ఉంటే గ్యాసు తక్కువ. రెండూ మరీ పైకి ఉంటే గ్యాసు ఎక్కువ కొట్టారు, లేదా కండెన్సర్ వేడి వదలట్లేదు. నీలం ముల్లు పైకి, ఎర్రముల్లు కిందికి వచ్చి, రెండూ దగ్గర పడితే కంప్రెసర్ ఒత్తలేకపోతోందని అనుమానం. గేజీలు పెట్టకుండా చేత్తో గాలి చూసి "గ్యాసు" అన్నవాడు ఊహిస్తున్నట్టు. గేజీలు పెట్టి చెప్పినవాడు చూసి చెబుతున్నట్టు.

గ్యాసు తక్కువని గేజీలు చెప్పాయనుకోండి. అప్పుడు మన ప్రశ్న అడగాలి. ఎటు పోయింది? గ్యాసుతో పాటు గొట్టాల్లో నూనె కూడా తిరుగుతుంది. గ్యాసు కారిన చోట ఆ నూనె చెమ్మ బయటికొస్తుంది. దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డుమచ్చ కడుతుంది. జాయింట్ల దగ్గర, కండెన్సర్ అంచుల్లో, కంప్రెసర్ ముందు భాగంలో టార్చిలైటు వేసి చూస్తే ఆ మచ్చ ఒక్కోసారి మనకే కనిపిస్తుంది. కనిపించకపోతే నైట్రోజన్ నింపి, జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తారు. బుడగలు లేచిన చోట చిల్లు. లేదా గ్యాసులో ఒక రంగు కలిపి, అతినీలలోహిత దీపం వేసి చూస్తారు. కారిన చోట అది మెరుస్తుంది.

చిల్లు దొరికింది, బాగుచేశారు. వెంటనే గ్యాసు కొట్టనివ్వకండి. ముందు వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లో ఉన్న గాలినీ తేమనూ లాగేయాలి. అరగంటైనా నడవాలి. తేమ మిగిలితే సన్నటి వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, లోపల తుప్పు పట్టిస్తుంది. పంపు ఆపాక గేజీ ముల్లు కదలకుండా ఉందో లేదో కాసేపు చూడాలి. ముల్లు వెనక్కి వస్తుంటే ఇంకా ఎక్కడో కారుతున్నట్టే.

ఆ తర్వాత గ్యాసు. ఎంత? బానెట్ కింద అంటించిన స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. చిన్న కార్లలో అది ఇంచుమించు 400 నుంచి 600 గ్రాముల మధ్య ఉంటుంది. తూకం వేసి అంతే నింపాలి. ఎక్కువ కొడితే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఎక్కువైతే ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. గ్యాసు రకం కూడా ఆ స్టిక్కరు మీదే ఉంటుంది. ఆ రకమే వాడాలి. చవగ్గా దొరికిందని పేరూ ఊరూ లేని డబ్బా గ్యాసు కొట్టించకండి. అందులో మండే గ్యాసు కలిసి ఉంటే, అది కారు లోపలే కారితే, ప్రాణాల మీదికి వస్తుంది.

గ్యాసు కారితే నష్టం మన జేబుకే కాదు. పాతకాలం కార్లలో ఆర్ 12 అనే గ్యాసు వాడేవాళ్లు. అది ఓజోన్ పొరను తినేస్తుందని తేలాక, 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని మాన్పించే పని మొదలైంది. దాని స్థానంలో వచ్చిన ఆర్ 134ఏ ఓజోన్‌కి హాని చేయదు. కానీ భూమిని వేడెక్కిస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు ఎక్కువ. అందుకే దీన్ని కూడా తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. చిల్లు మూయకుండా ఏటేటా గ్యాసు నింపడమంటే, ఏటేటా అంత గ్యాసునూ ఆకాశంలోకి వదలడమే. అలాగే, బాగుచేసేముందు మిగిలిన గ్యాసును గాలిలోకి వదిలేయకుండా, యంత్రంతో పట్టి దాచే షెడ్డును ఎంచుకోండి.

మొత్తం మీద వరస ఇది. ముందు గాలి, అంటే ఫిల్టర్. తర్వాత కంప్రెసర్, అంటే టక్కుమనే చప్పుడు. తర్వాత గొట్టాలు. తర్వాత గొట్టాలు. ఇవన్నీ అయ్యాకే గేజీలు. గేజీలు చెప్పాకే గ్యాసు. ఈ వరస తిరగబడితే డబ్బు పోతుంది, వేడి మాత్రం పోదు.

చివరగా ఒక విన్నపం. ఈసారి ఏసీ పని చేయించుకున్నప్పుడు బిల్లు మీద మూడు సంగతులు రాయించుకోండి. చిల్లు ఎక్కడ దొరికింది. ఎంతసేపు వాక్యూమ్ చేశారు. ఏ గ్యాసు ఎన్ని గ్రాములు నింపారు. ఆ కాగితం కారు కాగితాలతో పాటు దాచండి. మళ్లీ ఇబ్బంది వస్తే ఏ మెకానిక్ అయినా అక్కడి నుంచి మొదలుపెట్టగలడు. ఈ మూడూ రాసివ్వడానికి వెనకాడే షెడ్డుకు మీ కారు ఇవ్వకండి.